ఓపెన్‌ఆఫీస్ కాదు, లిబ్రెఆఫీస్: 25.8 మీద సమీక్ష, పేర్ల చిక్కులతో సహా

డబ్బు కట్టక్కర్లేని ఆఫీసు సాఫ్ట్‌వేర్ కావాలనుకునేవాళ్లలో చాలామంది ఇప్పటికీ సెర్చ్‌లో కొట్టే మాట "ఓపెన్ ఆఫీస్". కొడితే అపాచీ ఓపెన్‌ఆఫీస్ దొరుకుతుంది. దింపుకుని, ఎవరో పంపిన డాక్స్ ఫైలు (ఇప్పటి వర్డ్ ఫైలు) తెరిస్తే తెరుచుకుంటుంది కూడా. నాలుగు మార్పులు చేసి సేవ్ చేయబోయేసరికి చిక్కు మొదలవుతుంది. సేవ్ యాజ్ జాబితాలో పాత డాక్ ఉంటుంది, దాని సొంత ఫార్మాటైన ఓడీటీ ఉంటుంది, డాక్స్ మాత్రం ఉండదు. ఎక్కడో సెట్టింగు దాగి ఉందేమోనని వెతకడం దండగ. ఆ సాఫ్ట్‌వేర్‌కు డాక్స్ చదవడం వచ్చు, రాయడం రాదు. ఇక్కడే చాలామంది "ఓపెన్ సోర్స్ అంటే ఇంతేనన్నమాట" అని తేల్చేసి దొంగ కాపీ వర్డ్ దగ్గరికి తిరిగి వెళ్లిపోతారు.

వాళ్లకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉంది, బాగా ఉంది. కాకపోతే దాని పేరు లిబ్రెఆఫీస్. ఈ సమీక్ష 2025 ఆగస్టు 20న విడుదలైన 25.8 వరుస మీద, ముఖ్యంగా తెలుగులో పని చేసుకునేవాళ్ల కోసం. మామూలు సమీక్షల్లో పేర్ల సంగతి ఒక వాక్యంలో తేల్చేస్తారు. ఇక్కడ అలా కుదరదు. ఈ సాఫ్ట్‌వేర్‌తో జనం పడే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం లోపలి లోపం కాదు, పైనున్న పేరే. ఏ పేరుతో దింపుకోవాలి, ఏ ఎడిషన్, ఏ మెనూలో తెలుగు ఉంటుంది, ఏ పేరున్న ఫార్మాట్‌లో సేవ్ చేయాలి: అన్నిచోట్లా అదే తంతు.

ముందుగా తీర్పు చెప్పేస్తే: ఇంటికి, బడికి, పంచాయతీ స్థాయి ఆఫీసు పనికి, చిన్న వ్యాపారానికి లిబ్రెఆఫీస్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఓపెన్‌ఆఫీస్‌ను కొత్తగా ఎవరూ పెట్టుకోవద్దు. ఉన్నవాళ్లు తీసేసి ఇటు మారండి.

పేరు ఒకచోట, పని ఒకచోట

జర్మనీకి చెందిన స్టార్‌డివిజన్ అనే కంపెనీ స్టార్‌ఆఫీస్ తయారుచేసింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ దాన్ని కొని, మరుసటి ఏడాది కోడ్‌ను బయటపెట్టింది. ఓపెన్‌ఆఫీస్ అనే ట్రేడ్‌మార్కు అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండటంతో ప్రాజెక్టుకు 'ఓపెన్‌ఆఫీస్ డాట్ ఆర్గ్' అని పేరు పెట్టుకోవలసి వచ్చింది. బ్రెజిల్‌లో ఆ పేరుకూ ట్రేడ్‌మార్కు అభ్యంతరం వస్తే అక్కడ బ్రాఫీస్ అయింది. అంటే తొలి రోజు నుంచే ఈ సాఫ్ట్‌వేర్‌కు సొంత పేరు పూర్తిగా సొంతం కాదు.

2010లో సన్‌ను ఒరాకిల్ కొంది. కొత్త యజమాని తీరు నచ్చని డెవలపర్లు ఆ ఏడాది సెప్టెంబరు 28న డాక్యుమెంట్ ఫౌండేషన్ ప్రకటించి, పేరును తమకు ఇవ్వమని ఒరాకిల్‌నే అడిగారు. ఇస్తుందేమోనన్న ఆశతో లిబ్రెఆఫీస్ అన్నది అప్పటికి తాత్కాలికంగా పెట్టుకున్న పేరు. ఒరాకిల్ ఇవ్వలేదు. 2011 జూన్‌లో కోడ్‌నూ పేరునూ అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు అప్పగించింది. అప్పటికే రాసే చేతుల్లో ఎక్కువ భాగం లిబ్రెఆఫీస్ వైపు వచ్చేశాయి. 2011 జనవరిలోనే దాని మొదటి వెర్షన్ 3.3 వచ్చేసింది కూడా. పదేళ్లుగా ప్రపంచం అలవాటుపడిన పేరు ఒకరి దగ్గర, పని చేసేవాళ్లు ఇంకొకరి దగ్గర మిగిలారు.

ఆ తర్వాతిది లైసెన్సుల సంగతి. ఇది తెలియకపోతే ఓపెన్‌ఆఫీస్ ఎందుకు వెనకబడిపోయిందో అర్థం కాదు. ఓపెన్‌ఆఫీస్ అపాచీ 2.0 లైసెన్సు కింద ఉంది. లిబ్రెఆఫీస్ మొజిల్లా పబ్లిక్ లైసెన్సు 2.0 కింద ఉంది. అపాచీ కోడ్‌ను మొజిల్లా లైసెన్సు ఉన్న ప్రాజెక్టులో కలుపుకోవచ్చు. మొజిల్లా లైసెన్సు కోడ్‌ను అపాచీ ప్రాజెక్టు తన సోర్సులోకి తీసుకోదు. అందుకని ఓపెన్‌ఆఫీస్‌లో ఏదైనా మంచి మార్పు జరిగితే లిబ్రెఆఫీస్ తీసుకోగలదు, ఇటు జరిగినవి అటు వెళ్లవు. దారి ఒకవైపే తెరిచి ఉంది.

ఫలితం ఇప్పుడు కళ్లముందే ఉంది. ఓపెన్‌ఆఫీస్ 4.1 వరుస 2014 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ తర్వాత వచ్చినవన్నీ 4.1.1, 4.1.2 అంటూ సాగిన మరమ్మతులే. 4.1.15 వచ్చింది 2023 డిసెంబరులో. విండోస్‌కు ఇప్పటికీ 32 బిట్ బిల్డే ఇస్తారు. లెక్కల పట్టికలు వేసే క్యాల్క్‌లో 1,024 నిలువు వరుసలకే ఆగిపోతుంది. లిబ్రెఆఫీస్‌లో 2022 నాటి 7.4 నుంచే 16,384 ఉన్నాయి. భద్రత విషయం ఇంకా బరువైనది. 2015లో కొరియన్ హెచ్‌డబ్ల్యూపీ ఫైళ్లను చదివే ఫిల్టర్‌లో ఒక లోపం బయటపడింది. లిబ్రెఆఫీస్ ఆ వసంతంలోనే సరిచేసింది. ఓపెన్‌ఆఫీస్‌లో సరిచేసిన 4.1.2 రావడానికి అక్టోబరు దాకా పట్టింది. 2016లో ఓపెన్‌ఆఫీస్ బృందంలోనే ప్రాజెక్టును మూసేయాలా అన్న చర్చ బహిరంగంగా నడిచింది. 2020 అక్టోబరులో, ఓపెన్‌ఆఫీస్ డాట్ ఆర్గ్‌కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా, డాక్యుమెంట్ ఫౌండేషన్ ఒక బహిరంగ లేఖ రాసింది. తమ దగ్గర ఇంకా ఆధునికమైన సాఫ్ట్‌వేర్ ఉందన్న మాట మీ వినియోగదారులకు తెలియజేయండి అన్నదే అందులోని విన్నపం. అది అప్పుడే చేయవలసిన పని. ఈ రోజుకీ చేయవలసిన పనే. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల పట్ల గౌరవం తగ్గించుకోనక్కర్లేదు, కానీ పేరుకున్న పరపతితో జనాన్ని పాత సరుకు దగ్గర ఆపేయడం వాడుకరికి జరుగుతున్న అన్యాయమే.

ఎవరైనా "నాది 4.1" అంటే అది ఓపెన్‌ఆఫీస్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. హెల్ప్ మెనూలో అబౌట్ తెరిచి పేరు చూడండి. లిబ్రెఆఫీస్‌కూ 2013లో ఒక 4.1 ఉండేది కాబట్టి అంకె ఒక్కటే చూస్తే చాలదు.

ఏ ఎడిషన్ దింపుకోవాలి

లిబ్రెఆఫీస్ డాట్ ఆర్గ్ సైటు నుంచే దింపుకోండి. విండోస్ ఫైలు దాదాపు 350 ఎంబీ. 25.8 నుంచి విండోస్ 7, 8, 8.1లకు మద్దతు తీసేశారు, 10 గానీ 11 గానీ ఉండాలి. ఇంకా విండోస్ 7 నడుస్తున్న నెట్ సెంటర్లూ బడి ల్యాబులూ ఉంటే వాటికి ముందరి వరుస 25.2 దగ్గర ఆగాలి, లేదా లినక్స్ వేసుకోవాలి. రెండోదే మేలు.

వెర్షను అంకె చూసి కంగారు పడకండి. 7.6 తర్వాత ఒక్కసారిగా 24.2కు దూకింది. మధ్యలో ఏమీ మిస్సవలేదు, అది సంవత్సరం, నెల: 2024 ఫిబ్రవరి. ఏటా ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి వస్తాయి. సైటులో సాధారణంగా రెండు వరుసలు పక్కపక్కన కనిపిస్తాయి. పాతదాన్ని ఒకప్పుడు స్టిల్ అనీ, కొత్తదాన్ని ఫ్రెష్ అనీ పిలిచేవారు. పది కంప్యూటర్లున్న ఆఫీసుకు ఎప్పుడూ పాత వరుస తీసుకోండి. ఒంటరి వాడుకరి కొత్తది తీసుకోవచ్చు, అయినా చివరి అంకె మూడో నాలుగో అయ్యేదాకా ఆగితే తొలి బగ్గులు తప్పుతాయి. విండోస్‌లో కొత్తది వచ్చిందని అది చెబుతుంది గానీ, చాలావరకు మనమే దింపి పాతదాని మీదే ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఇక పేరు పక్కన చేరిన "కమ్యూనిటీ" అన్న మాట. 2020 జులైలో 7.0 పరీక్షా బిల్డుల్లో "పర్సనల్ ఎడిషన్" అన్న ముద్ర కనిపించేసరికి పెద్ద దుమారం లేచింది. పర్సనల్ అంటే సొంత వాడకానికే అనీ, ఆఫీసులో, బడిలో వాడితే లైసెన్సు కొనాలనీ ఎవరైనా అనుకుంటారు. అదే జరిగింది. ఆగస్టులో వచ్చిన అసలు 7.0లో ఆ ముద్ర తీసేశారు. 2021 ఫిబ్రవరిలో 7.1తో "కమ్యూనిటీ" అన్న మాట చేరింది. ఆ ముద్ర వేయాలనుకున్నవాళ్ల బాధ న్యాయమైనదే. కోడ్‌లో పెద్ద భాగం కొలాబొరా లాంటి కంపెనీల జీతగాళ్లు రాస్తుంటే, వేల కంప్యూటర్లున్న సంస్థలు రూపాయి ఇవ్వకుండా వాడుకుని, చిక్కొస్తే స్వచ్ఛంద కార్యకర్తలను నిలదీస్తున్నాయి. కానీ దానికి "పర్సనల్" మందు కాదు. లైసెన్సు అన్నింటికీ ఒకటే అయినప్పుడు లైసెన్సులో తేడా ఉన్నట్టు ధ్వనించే పేరు పెట్టడం తప్పు. "కమ్యూనిటీ" కొంత నయం: సపోర్టు ఎవరిస్తారో చెబుతుంది, ఎవరు వాడొచ్చో శాసించదు. స్పష్టంగా చెప్పుకోవాలంటే, ఆ మాట ఉన్నా లేకపోయినా లిబ్రెఆఫీస్‌ను కంపెనీలో, కళాశాలలో, ప్రభుత్వ కార్యాలయంలో ఎన్ని యంత్రాల మీదైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

మ్యాక్ వాడేవాళ్లకు ఇంకో తికమక. ఆపిల్ యాప్ స్టోర్‌లో అదే లిబ్రెఆఫీస్‌కు డబ్బు అడుగుతుంది. అది మోసం కాదు, 2022 సెప్టెంబరు నుంచి డాక్యుమెంట్ ఫౌండేషనే పెట్టింది. స్టోర్ సౌకర్యానికి, ప్రాజెక్టుకు చందాకు కట్టే సొమ్ము అనుకోండి. అందులో జావా ఉండదు కాబట్టి డేటాబేసులు నడిపే బేస్ లాంటి చోట్ల కొన్ని పనులు జరగవు. సైటులోది ఉచితం, పూర్తిది. ఏ స్టోర్‌లోనైనా ప్రచురణకర్తగా ద డాక్యుమెంట్ ఫౌండేషన్ అని ఉందో లేదో చూడండి. "ఓపెన్ ఆఫీస్" అన్న మాటలు అటూ ఇటూ తిప్పి పేరు పెట్టుకున్న యాప్‌లకు దూరంగా ఉండండి.

బ్రౌజర్లో నడిచేది కావాలంటే లిబ్రెఆఫీస్ అని వెతికితే పని జరగదు. 2020లో కొలాబొరా ఆ కోడ్‌ను తన పేరుతో గిట్‌హబ్‌కు తరలించింది. కొలాబొరా ఆన్‌లైన్ అని వెతకండి. సొంత సర్వర్లో ఫైళ్లు దాచుకునే నెక్స్ట్‌క్లౌడ్‌తో కలిపి నడిపేది అదే.

తెలుగు ఉన్న చోటు

ఈ సమీక్షలో అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇదే, ఎందుకంటే తెలుగు రాసేవాళ్లు లిబ్రెఆఫీస్‌ను వదిలేయడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. ఫాంటు మారుస్తారు, తెలుగు మారదు. సైజు 14 పెడతారు, ఇంగ్లిషు పెరుగుతుంది, తెలుగు 12 దగ్గరే ఉంటుంది. అది పాడైపోలేదు. లిబ్రెఆఫీస్ ప్రతి పేరాకూ మూడు వర్గాల లిపులకు మూడు ఫాంట్లు, మూడు సైజులు, మూడు భాషలు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది: వెస్టర్న్, ఏషియన్, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్. తెలుగు ఏషియన్‌లో ఉంటుందనుకోవడం సహజం. ఉండదు. ఏషియన్ అంటే అక్కడ చైనీస్, జపనీస్, కొరియన్ మాత్రమే. తెలుగు, హిందీ, తమిళం, అరబిక్, థాయ్ అన్నీ కాంప్లెక్స్ కింద, అంటే సీటీఎల్ కింద వస్తాయి. కోట్లమంది ఆసియావాసుల లిపులను బయటపెట్టి ఆ డబ్బాకు ఏషియన్ అని పేరు పెట్టడం పాత పొరపాటు. దాన్ని మార్చడం కష్టమైన పని కూడా కాదు.

ఇలా చేయండి. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్ కింద జనరల్‌కు వెళ్లండి. డిఫాల్ట్ లాంగ్వేజెస్ ఫర్ డాక్యుమెంట్స్ అన్న భాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ పక్కన టిక్ లేకపోతే పెట్టి, జాబితాలోంచి తెలుగు ఎంచుకోండి. ఇది చేయకపోతే సీటీఎల్ భాష చాలా యంత్రాల్లో హిందీగా ఉంటుంది. హిందీ నిఘంటువు కూడా ఇన్‌స్టాల్ అయి ఉంటే మీరు రాసిన ప్రతి తెలుగు మాట కింద ఎర్రగీత పడుతుంది.

తర్వాత పత్రాలు రాసే రైటర్‌లో ఎఫ్11 నొక్కితే స్టైల్స్ పట్టీ వస్తుంది. డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద కుడి క్లిక్ చేసి ఎడిట్ స్టైల్, అందులో ఫాంట్ ట్యాబు. వెస్టర్న్ ఒకచోట, కాంప్లెక్స్ ఇంకోచోట కనిపిస్తాయి. కాంప్లెక్స్‌లో మీ తెలుగు ఫాంటు, సైజు, భాష పెట్టండి. వెస్టర్న్‌లో కూడా దాదాపు అదే ఎత్తు కనిపించే సైజు పెట్టండి, ఎందుకంటే అంకెలు, విరామచిహ్నాలు, ఖాళీలు తమకంటూ వర్గం లేనివి. పక్కనున్న అక్షరాల వర్గాన్ని అవి పట్టుకుంటాయి. "జీవో 45" అన్నచోట 45 తెలుగు ఫాంటులో, "రూల్" అన్నమాట ఇంగ్లిషులో రాసి 45 వేస్తే వెస్టర్న్ ఫాంటులో వస్తుంది. ఒకే పుటలో అంకెలు రెండు రకాలుగా కనిపించడానికి కారణం ఇదే. రెండుచోట్లా అంకెలు ఒకేలా ఉన్న ఫాంట్ల జత ఎంచుకుంటే ఈ తేడా కనిపించదు. నోటో సాన్స్ తెలుగుతో నోటో సాన్స్ అలాంటి జత.

అంతా కుదిరాక ఖాళీ పత్రాన్ని ఫైల్ మెనూలోని టెంప్లేట్స్, సేవ్ యాజ్ టెంప్లేట్‌తో దాచి, డిఫాల్ట్ టెంప్లేట్ అన్న టిక్ పెట్టండి. ఇక ప్రతి కొత్త పత్రం ఈ ఏర్పాట్లతోనే తెరుచుకుంటుంది.

అక్షరాలు అతుక్కునే తీరులో ఫిర్యాదు లేదు. 2017 నాటి 5.3 నుంచి అన్ని వేదికల మీదా హార్ఫ్‌బజ్ అన్న ఇంజనే వాడుతున్నారు కాబట్టి విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో ఒకలా ఒత్తులు పడటమనేది పోయింది. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ట్ కింద వ ఒత్తుగా పడిపోకుండా పొల్లు నిలవాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ కావాలి. మీ కీబోర్డులో అది లేకపోతే పొల్లు తర్వాత 200 కొట్టి, పక్కనే ఇంగ్లిషు సీ అక్షరం కొట్టి, ఆల్ట్‌తో ఎక్స్ నొక్కండి. ఆ నాలుగు అక్షరాలూ మాయమై కనబడని ఆ గుర్తు పడుతుంది. తర్వాత వేర్ రాయండి.

స్పెల్ చెకింగ్ దగ్గర ఆశలు తగ్గించుకోవాలి. తెలుగు నిఘంటువు ఉంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుంటే డిక్షనరీల కింద తెలుగు, ఇంటర్‌ఫేస్ భాషల కింద తెలుగు విడివిడిగా కనిపిస్తాయి. డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో అయితే ప్యాకేజీ మేనేజర్‌లో హన్‌స్పెల్ తెలుగు నిఘంటువు, లిబ్రెఆఫీస్ తెలుగు భాషా ప్యాకేజీ, తెలుగు ఫాంట్ల ప్యాకేజీ మూడూ వెతికి పెట్టుకోవాలి. కానీ విభక్తులు, సంధులు కలిసిన రూపాలన్నీ ఏ జాబితాలోనూ పట్టవు. "వెళ్లిపోవాల్సివచ్చిందంటే" లాంటి మాటకు ఎర్రగీత ఖాయం. మీ రంగంలో తరచూ వచ్చే మాటలకు సొంత నిఘంటువు పెట్టుకోండి: ఆప్షన్స్‌లో రైటింగ్ ఎయిడ్స్‌కు వెళ్లి న్యూ నొక్కి, భాష తెలుగు అని ఇవ్వాలి. విసుగొస్తే షిఫ్ట్‌తో ఎఫ్7 నొక్కితే గీతలు ఆగుతాయి. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు గానీ అనువాదం అంతటా లేదు, సగం ఇంగ్లిషు సగం తెలుగు కలగాపులగంగా ఉంటుంది. సాయం కోసం వెతికేటప్పుడు ఇంగ్లిషు మెనూ పేర్లే దొరుకుతాయి కాబట్టి ప్రస్తుతానికి మెనూలు ఇంగ్లిషులో ఉంచడమే నయం.

పాత ఫైళ్లలో గౌతమి ఫాంటు వాడి ఉంటే, విండోస్ 10, 11లలో అది ముందుగా ఉండకపోవచ్చు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ పెట్టుకోండి, గౌతమి, వాణి రెండూ వస్తాయి. అవతలివాళ్ల దగ్గర మీ ఫాంటు ఉండదనుకుంటే ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, ఫాంట్ ట్యాబులో ఎంబెడ్ ఫాంట్స్ టిక్ పెట్టండి. ఫైలు బరువెక్కుతుంది, పేజీలు మాత్రం కదలవు.

అన్నీ 'ఓపెన్' అయిన ఫార్మాట్లు

ఓపెన్‌డాక్యుమెంట్, ఆఫీస్ ఓపెన్ ఎక్స్‌ఎమ్‌ఎల్, ఓపెన్‌ఆఫీస్ డాట్ ఆర్గ్ ఎక్స్‌ఎమ్‌ఎల్. ఈ మూడూ మూడు వేర్వేరు ఫార్మాట్లు. మూడోది ఓపెన్‌ఆఫీస్ 1 కాలంనాటి ఎస్‌ఎక్స్‌డబ్ల్యూ, ఇప్పుడు పాత సీడీల్లోనే కనిపిస్తుంది, లిబ్రెఆఫీస్ దాన్నీ తెరుస్తుంది. మొదటిది ఓడీటీ, ఓడీఎస్‌ల కుటుంబం, పొట్టిగా ఓడీఎఫ్, 2006లో ఐఎస్ఓ 26300 ప్రమాణమైంది. రెండోది మైక్రోసాఫ్ట్ డాక్స్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌ల కుటుంబం, 2008లో ఐఎస్ఓ 29500 అయింది. ఓపెన్‌ఆఫీస్ పేరు ప్రపంచమంతా తిరుగుతున్న రోజుల్లో మైక్రోసాఫ్ట్ తన ఫార్మాట్‌కు అవే రెండు మాటలు తిప్పి పెట్టడం చాలామందిని తికమక పెట్టింది. ఐఎస్ఓ ఓటింగులో భారత్ ఈ రెండో ప్రమాణానికి వ్యతిరేకంగా ఓటు వేసింది.

వాడుకలో దీని పర్యవసానం సేవ్ పెట్టెలో కనిపిస్తుంది. వర్డ్ వాడేవాళ్లకు పంపాలంటే "వర్డ్ 2010–365 డాక్యుమెంట్" అన్నదే ఎంచుకోండి. వర్డ్ 97–2003 అన్నది పాత డాక్, దాని జోలికి వెళ్లకండి. డాక్స్‌గా సేవ్ చేస్తున్నప్పుడు, ఇదే ఫార్మాట్ ఉంచాలా, ఓడీఎఫ్ వాడాలా అని పెట్టె అడుగుతుంది. అది హెచ్చరిక మాత్రమే, ఫైలు పాడవుతుందని కాదు. రోజూ డాక్స్‌తోనే పనైతే ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ కింద జనరల్‌లో టెక్స్ట్ డాక్యుమెంట్‌కు ఎప్పుడూ ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయాలో ఒక్కసారి చెప్పేసి, హెచ్చరిక టిక్ తీసేయండి.

మా సలహా మాత్రం ఇది: మూలప్రతి ఓడీటీలో ఉంచుకుని, ఎదుటివాళ్లు మార్పులు చేయాల్సినప్పుడే డాక్స్ కాపీ పంపండి. ఒకే ఫైలు అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగితే టెక్స్ట్ బాక్సులు జరుగుతాయి, స్మార్ట్‌ఆర్ట్ బొమ్మలు మామూలు ఆకారాలైపోతాయి, పేజీ నంబర్లు తప్పుతాయి. కాలిబ్రి, కేంబ్రియా ఫాంట్లకు వెడల్పు సరిపోయే కార్లీటో, క్యాలడియా లిబ్రెఆఫీస్‌తోనే వస్తాయి కాబట్టి పాత డాక్స్‌లు బాగానే కుదురుతాయి. మైక్రోసాఫ్ట్ కొత్తగా డిఫాల్ట్ చేసిన ఆప్టోస్‌కు అలాంటి జోడీ రాదు, లైన్లు విరిగే చోటు మారిపోతుంది. చదవడానికి మాత్రమే పంపేదైతే పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో హైబ్రిడ్ పీడీఎఫ్ టిక్ పెట్టండి. చూసేవాళ్లకు పీడీఎఫ్, లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే మళ్లీ దిద్దుకోగల ఓడీటీ. ఇంత మంచి సౌకర్యం గురించి ఎవరూ చెప్పరు.

క్యాల్క్, తెర రూపం

క్యాల్క్‌లో ఎక్స్‌లుకప్, ఫిల్టర్, సార్ట్, యునీక్ ఫంక్షన్లు 24.8 నుంచి ఉన్నాయి. ఎక్సెల్ నుంచి వచ్చేవాళ్లకు అదే పెద్ద అడ్డంకిగా ఉండేది, తీరిపోయింది. లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు కావాలంటే ఫార్మాట్ సెల్స్‌లో నంబర్స్ ట్యాబులో భాషను ఇంగ్లిష్ (ఇండియా) చేయండి. వీబీఏ మ్యాక్రోలు, అంటే ఎక్సెల్‌లో పనులు వాటంతటవే జరగడానికి రాసే చిట్టి ప్రోగ్రాములు, చిన్నవైతే నడుస్తాయి, ఫారమ్‌లతో పెద్దగా రాసినవి నడవవు. జీతాల బిల్లులు, పన్ను లెక్కలు అలాంటి మ్యాక్రో ఫైళ్ల మీద నడిపే ఆఫీసు మారేముందు ఆ ఫైళ్లను పరీక్షించుకోవాలి.

వర్డ్‌లోలాగా రిబ్బన్ కావాలంటే వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ తెరిచి ట్యాబ్డ్ ఎంచుకోండి. మొదట దీన్ని నోట్‌బుక్‌బార్ అన్నారు, మొత్తం ఆలోచనకు మఫిన్ అని పేరు పెట్టారు. కొత్తవాళ్లెవరికీ అదేంటో తెలిసేది కాదు. ట్యాబ్డ్ అని సూటిగా మార్చడం బాగుంది.

లోపల మిగిలిన పాత పేర్లు

టాస్క్ మేనేజర్‌లో లిబ్రెఆఫీస్ కోసం వెతికితే మీకు కనిపించేది సాఫీస్ డాట్ బిన్. ఆ మొదటి ఎస్ స్టార్‌ఆఫీస్‌ది. ఓపెన్‌ఆఫీస్‌దీ అదే పేరు. రెండూ ఒకే యంత్రంలో ఉంటే ఏది నడుస్తోందో తెలియదు, ఓడీటీ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఏది తెరుచుకుంటుందో చివరగా ఇన్‌స్టాల్ చేసినదాన్ని బట్టి ఉంటుంది. ఒకటి తీసేయమని చెప్పేది అందుకే. మ్యాక్రోలు రాసేవాళ్లు ఇప్పటికీ కామ్ డాట్ సన్ డాట్ స్టార్ అని మొదలుపెట్టాలి. సన్ కంపెనీ లేదు, స్టార్‌ఆఫీస్ లేదు, ఆ పేరు మారిస్తే మాత్రం ప్రపంచంలో రాసి పెట్టిన మ్యాక్రోలన్నీ ఆగిపోతాయి. అందుకని దాన్ని ముట్టుకోకపోవడమే సరైనది. పైకి కనిపించే పేర్లను వాడుకరి కోసం మార్చాలి, లోపలి పేర్లను వాడుకరి కోసమే వదిలేయాలి. ఓపెన్‌జీఎల్, వల్కన్ అనే గ్రాఫిక్స్ డ్రైవర్ల నిషేధ జాబితా ఫైలుకు బ్లాక్‌లిస్ట్ పేరు తీసి డినైలిస్ట్ అని పెట్టారు. దానివల్ల ఏదీ విరగలేదు, చదివేవాళ్లకు అర్థమూ తేలికైంది.

లిబ్రెఆఫీస్ ఉన్నట్టుండి తెరుచుకోకపోతే, తెరుచుకుని మూసుకుపోతుంటే, దాదాపు ఎప్పుడూ ప్రొఫైల్, అంటే మీ సెట్టింగులు దాచే ఫోల్డరు, చెడిపోయి ఉంటుంది. హెల్ప్ మెనూలో రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్ ముందు ప్రయత్నించండి. మెనూ దాకా కూడా రాకపోతే విండోస్‌లో యాప్ డేటా రోమింగ్ ఫోల్డర్లో లిబ్రెఆఫీస్, దానిలో 4 అన్న ఫోల్డరు, దానిలో యూజర్ ఫోల్డరుకు పేరు మార్చి మళ్లీ తెరవండి. 25.8 వాడుతుంటే 4 ఏమిటని సందేహించకండి, పాత వెర్షనుది కాదు. ఆ ఫోల్డరు పేరు 4.0 నాటి నుంచి అలాగే ఉంది, ఇప్పటిదీ అదే. అందులోని వర్డ్‌బుక్ ఫోల్డర్లో మీరు చేర్చిన తెలుగు మాటల నిఘంటువులు ఉంటాయి, వాటిని ముందే కాపీ చేసుకోండి. ఓపెన్‌ఆఫీస్ నుంచి మారేటప్పుడు కూడా అంతే: ఓడీటీ, ఓడీఎస్ ఫైళ్లకు ఏమీ చేయనక్కర్లేదు, సొంత నిఘంటువులు మాత్రం ఆ ప్రొఫైల్లోని వర్డ్‌బుక్ నుంచి ఈ ప్రొఫైల్లోని వర్డ్‌బుక్‌లోకి వేసుకోవాలి.

అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పాత పత్రాలు ఉన్నవాళ్లకు చివరిగా ఒక మాట. అవి యూనికోడ్ కావు. లిబ్రెఆఫీస్ వాటిని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులుగానే చూస్తుంది, వెస్టర్న్ వర్గంలోనే పెడుతుంది. ఆ ఫాంటు యంత్రంలో ఉంటే తెరమీద తెలుగులా కనిపిస్తుంది, కానీ వెతకడం, స్పెల్ చెకింగ్, అకారాది క్రమం ఏవీ పనిచేయవు. కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మార్చిన పాఠ్యాన్ని ఫార్మాటింగ్ లేకుండా, అంటే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌లతో వీ నొక్కి అతికించండి. లేకపోతే పాత ఫాంటు పేరు వెస్టర్న్ గడిలో మిగిలిపోయి, మధ్యలో వచ్చే ఇంగ్లిషు మాటలూ వాటి పక్కనున్న అంకెలూ పిచ్చి గుర్తులుగా మారతాయి.